మైల్స్ డేవిస్ ‘రౌండ్ అబౌట్ మిడ్‌నైట్’ ఆల్బమ్: తరచుగా అడిగే ప్రశ్నలు

జాజ్ గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ విని వచ్చినవాళ్లే. అది బాగా నచ్చిందని చెప్పి, తర్వాత ఏం వినాలని అడుగుతారు. తర్వాతి సంగతి తర్వాత, ముందు దీని వెనక ఏముందో వినండి అంటాను. 1957 మార్చిలో కొలంబియా కంపెనీ ‘రౌండ్ అబౌట్ మిడ్‌నైట్’ని విడుదల చేసింది. ఒక పెద్ద రికార్డు కంపెనీ కోసం మైల్స్ డేవిస్ చేసిన తొలి ఆల్బమ్ అది. ఆరు పాటలు, సుమారు 39 నిమిషాలు. దాని గురించి మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలకు జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అసలు మైల్స్ డేవిస్ ఎవరు?

అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఆల్టన్‌లో 1926 మే 26న పుట్టి, ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో పెరిగిన నల్లజాతి ట్రంపెట్ కళాకారుడు. తండ్రి పళ్ల డాక్టరు. కలిగిన కుటుంబమే. 1944లో జూలియార్డ్ సంగీత విద్యాలయంలో చేరడానికి న్యూయార్క్ వచ్చాడు గానీ, ధ్యాసంతా శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ ఎక్కడ దొరుకుతాడన్న దాని మీదే. దొరికాడు. ఇరవయ్యో ఏడు నిండకముందే పార్కర్ పక్కన నిలబడి రికార్డుల్లో వాయించాడు.

1950ల మొదట్లో హెరాయిన్ అతన్ని పట్టుకుంది. చేతిలో పని పోయింది, పేరు పోయింది. చివరికి తండ్రి పొలం దగ్గరున్న ఇంట్లో తలుపులు వేసుకుని, ఒళ్లంతా నరకం అనుభవిస్తూ ఆ అలవాటు మానుకున్నాడు. 1954 నాటికి మళ్లీ మనిషయ్యాడు. మనం మాట్లాడుకునే ఆల్బమ్ ఆ తిరిగి లేచిన మనిషిది.

‘పెద్ద కంపెనీ’ అంటే ఏమిటి? రికార్డు ఎక్కడ చేసినా రికార్డే కదా?

వాయించేవాడికి కాదు. 1950ల అమెరికాలో జాజ్‌ను నిలబెట్టినవి ఎక్కువగా చిన్న కంపెనీలే. ఒకరో ఇద్దరో యజమానులు, ఒక చిన్న ఆఫీసు, సంగీతం మీద ప్రేమ, చేతిలో తక్కువ డబ్బు. మైల్స్ అప్పటికి పనిచేస్తున్న ప్రెస్టీజ్ అలాంటిదే. బాబ్ వైన్‌స్టాక్ అనే కుర్రాడు 1949లో మొదలుపెట్టాడు. రిహార్సల్‌కు డబ్బు ఉండదు. స్టూడియోకు వచ్చామా, వాయించామా, ఇంటికి పోయామా అన్నట్టు ఉండేది. ఆ రికార్డులు తీసిన రూడీ వాన్ గెల్డర్ పగలు కంటి పరీక్షలు చేసి కళ్లజోళ్లు ఇచ్చేవాడు. అతని స్టూడియో న్యూజెర్సీలోని హ్యాకెన్‌సాక్‌లో, తల్లిదండ్రుల ఇంటి ముందు గది. ఆ గదిలో పుట్టిన సంగీతం ఎంత గొప్పదో విన్నవాళ్లకు తెలుసు.

కొలంబియా సంగతి వేరు. 1948లో నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్‌ప్లే రికార్డును (ఎల్పీ) మార్కెట్లోకి తెచ్చిందే ఆ కంపెనీ. దాని సరుకు ఊరూరా దుకాణాలకు చేరుతుంది, రేడియోలో మోగుతుంది, పత్రికల్లో ప్రకటనలు పడతాయి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, డేవ్ బ్రూబెక్ లాంటివాళ్లు అప్పటికే అక్కడ ఉన్నారు. జాజ్ క్లబ్బు ముఖం ఎన్నడూ చూడని ఇంట్లోకి కూడా ఈ ట్రంపెట్ వెళ్లగలిగిందంటే కారణం అదే.

అంతకుముందే క్యాపిటల్ కంపెనీకి వాయించాడు కదా? మరి ఇది ‘తొలి’ ఆల్బమ్ ఎలా అవుతుంది?

న్యాయమైన ప్రశ్న. క్యాపిటల్ కూడా పెద్ద కంపెనీయే. 1949, 1950ల్లో తొమ్మిదిమంది బృందంతో మైల్స్ అక్కడ మూడు విడతలుగా పన్నెండు పాటలు రికార్డు చేశాడు. కానీ అవి ఒక ఆల్బమ్‌గా తలపెట్టినవి కావు, విడివిడి రికార్డుల కోసం తీసినవి. వాటిలో పదకొండింటిని ‘బర్త్ ఆఫ్ ద కూల్’ పేరుతో పెద్ద ఎల్పీగా కూర్చి అమ్మింది కూడా 1957లోనే. కాబట్టి ఒక పెద్ద కంపెనీ అతనితో ఒప్పందం చేసుకుని, ఆల్బమ్‌గా అనుకుని, ఆల్బమ్‌గా తీసినది ‘రౌండ్ అబౌట్ మిడ్‌నైట్’ అనడంలో తప్పు లేదు.

న్యూపోర్ట్‌లో ఏం జరిగింది?

1955 జులై 17. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం. కార్యక్రమంలో ఒక ముక్కలో కొందరు పేరున్నవాళ్లను కలిపి వేదికెక్కించారు: పియానో మీద థెలోనియస్ మంక్, శాక్సఫోన్లతో జెరీ మలిగన్, జూట్ సిమ్స్, బాస్ మీద పెర్సీ హీత్, డ్రమ్స్ దగ్గర కానీ కే, వాళ్లతో మైల్స్. మంక్ స్వయంగా కట్టిన ‘రౌండ్ మిడ్‌నైట్’ మొదలైంది. మైల్స్ ట్రంపెట్ గంటను, అంటే ముందున్న వెడల్పాటి నోటిని, మైకుకు ఆనించినంత దగ్గరగా తెచ్చి వాయించాడు. ఆరుబయట, అంతమంది జనంలో, ఆ సన్నటి గొంతు చివరి వరుసదాకా వినిపించింది. ఈ మనిషి పని అయిపోయిందనుకున్న విమర్శకులు మర్నాడు అతని గురించే మాట్లాడుకున్నారు. అతనికి మాత్రం ఇదంతా వింతగా తోచింది. తను ఎప్పుడూ అలాగే వాయిస్తున్నాడు మరి.

ఆ రోజు శ్రోతల్లో కొలంబియా నిర్మాత జార్జ్ అవకియన్ ఉన్నాడు. తమ్ముడు ఆరమ్ పక్కనే ఉండి, ఇతన్ని వదులుకోవద్దని పోరు పెట్టాడు.

ఇంకో ముచ్చట ఉంది. తిరుగు ప్రయాణంలో కారులో మంక్ మైల్స్‌తో, నువ్వు నా పాట సరిగ్గా వాయించలేదన్నాడట. నువ్వు నా వెనక వాయించింది నాకూ నచ్చలేదని మైల్స్ బదులిచ్చాడట. మంక్ కారు ఆపించి దిగి వెళ్లిపోయాడట. మైల్స్ తన ఆత్మకథలో చెప్పుకున్న సంగతి ఇది. లోకమంతా మెచ్చిన వాయింపును పాట కట్టిన మనిషి మెచ్చలేదు. ఏడాది తర్వాత స్టూడియోలో ఆ పాటను మైల్స్ అంత శ్రద్ధగా ఎందుకు మలిచాడో ఆలోచించినప్పుడల్లా నాకు ఈ కారు ప్రయాణమే గుర్తొస్తుంది.

ప్రెస్టీజ్‌తో ఒప్పందం నడుస్తుండగానే కొలంబియాకు ఎలా వాయించాడు?

ఈ ఆల్బమ్ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. అందుకని కొంచెం నిదానంగా చెబుతాను.

1955లో మైల్స్ ఇంకా ప్రెస్టీజ్‌కు కట్టుబడి ఉన్నాడు, ఇవ్వాల్సిన రికార్డులు మిగిలి ఉన్నాయి. అలాంటి మనిషిని మామూలుగా ఇంకో కంపెనీ ముట్టుకోదు. మైల్స్ ఒక దారి చెప్పాడు: కొలంబియా ఇప్పుడే రికార్డు చేసుకోవచ్చు, కానీ ప్రెస్టీజ్ గడువు తీరేదాకా బయటపెట్టకూడదు. వైన్‌స్టాక్ ఒప్పుకున్నాడు. కొలంబియా ఆ పేరును ఊరంతా చాటితే, తన దగ్గరున్న రికార్డులు కూడా అమ్ముడవుతాయన్న లెక్క అతనిది. ఆ లెక్క తప్పలేదు. అవకియన్ తన వైపు నుంచి ఒకటి కోరాడు: దొరికినవాళ్లతో వాయించడం కాదు, స్థిరమైన బృందం ఉండాలి.

అలా 1955 అక్టోబర్ 26న కొలంబియా స్టూడియోలో ఈ బృందం తొలిసారి మైకు ముందు నిలబడింది. ప్రెస్టీజ్ కోసం వాళ్లు తొలిసారి రికార్డు చేసింది మూడు వారాలు గడిచాక, నవంబర్ 16న. అంటే ఈ అయిదుగురి మొట్టమొదటి రికార్డింగు, అప్పటికి విడుదల చేసే హక్కు కూడా లేని కంపెనీ దగ్గర జరిగింది!

ప్రెస్టీజ్ బాకీ తీర్చడానికి 1956 మే 11న ఒక రోజు, అక్టోబర్ 26న ఒక రోజు, వాన్ గెల్డర్ దగ్గర కూర్చుని రెండు డజన్లకు పైగా పాటలు వాయించేశారు. బాకీ తీరిన తేదీ చూడండి. కొలంబియాలో మొదటిసారి వాయించిన రోజుకు సరిగ్గా ఏడాది. ఈ రెండు అక్టోబర్ 26ల మధ్యలో పెరిగిన బృందం కథే ఈ ఆల్బమ్.

బృందంలో ఎవరెవరున్నారు?

టెనర్ శాక్సఫోన్ జాన్ కోల్‌ట్రేన్, పియానో రెడ్ గార్లండ్, డబుల్ బాస్ పాల్ చాంబర్స్, డ్రమ్స్ ఫిల్లీ జో జోన్స్.

కోల్‌ట్రేన్‌ది మైల్స్ వయసే, 1926లో నార్త్ కరోలినాలోని హామ్లెట్‌లో పుట్టాడు. మైల్స్ మొదట కోరుకున్నది ఇతన్ని కాదు, సానీ రాలిన్స్‌ని. రాలిన్స్ మత్తు అలవాటు నుంచి బయటపడాలని న్యూయార్క్ వదిలి వెళ్లిపోవడంతో 1955 సెప్టెంబర్‌లో కోల్‌ట్రేన్ వచ్చాడు. గార్లండ్ ఒకప్పుడు బాక్సింగ్ రింగులో దిగినవాడు. పియానో మీద మాత్రం ఆ చేతులు ఎంత తేలికో! షికాగోలో వాయించే అహ్మద్ జమాల్ పియానోలో సుర్రుమని పరుగెత్తకుండా, ఖాళీలు వదిలే పద్ధతి మైల్స్‌కు ప్రాణం. అలా వాయించమని గార్లండ్‌ను అడిగేవాడు. పాల్ చాంబర్స్‌కు తొలి రికార్డింగు నాటికి ఇరవై ఏళ్లు. ఈ సంగతి తెలిశాక ‘డియర్ ఓల్డ్ స్టాక్‌హోమ్’లో అతని బాస్ సోలో మళ్లీ వినండి.

రికార్డింగు ఎక్కడ, ఎప్పుడు జరిగింది?

మూడు విడతలు. 1955 అక్టోబర్ 26న సెవెంత్ అవెన్యూలోని స్టూడియో డిలో. 1956 జూన్ 5న, సెప్టెంబర్ 10న మన్‌హాటన్‌లో 30వ వీధిలో ఉన్న కొలంబియా స్టూడియోలో.

ఆ 30వ వీధి స్టూడియో ఒకప్పటి చర్చి. ఆర్మేనియన్ సమాజం ప్రార్థనలు చేసుకున్న భవనం. ఎత్తయిన కప్పు, చెక్క నేల. స్వరం పుట్టి గాలిలో కాసేపు నిలబడి అప్పుడు కరిగిపోయేది. అవకియన్ కూడా ఆర్మేనియన్ కుటుంబం నుంచి వచ్చినవాడే కావడం కాకతాళీయం, కానీ నాకు నచ్చే కాకతాళీయం. 1959లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పుట్టింది కూడా ఆ కప్పు కిందే.

ఆరు పాటలూ మైల్స్ కట్టినవేనా?

ఒక్కటి కూడా కాదు.

మొదటిది మంక్ ‘రౌండ్ మిడ్‌నైట్’. రెండోది ‘ఆ-లూ-చా’, గురువు లాంటి చార్లీ పార్కర్ కట్టినది. 1948లో పార్కర్ దాన్ని రికార్డు చేసినప్పుడు పక్కన వాయించిన కుర్రాడు మైల్సే. ట్రంపెట్ ఒక వరుస, శాక్సఫోన్ ఇంకో వరుస, రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి. పార్కర్ 1955 మార్చిలో 34 ఏళ్లకే చనిపోయాడు. ఏడు నెలల తర్వాత కొత్త కంపెనీలో తొలి రోజు మైల్స్ ఎత్తుకున్న పాటల్లో ఇది ఒకటి. మూడోది కోల్ పోర్టర్ బ్రాడ్‌వే నాటకం కోసం రాసిన ‘ఆల్ ఆఫ్ యూ’.

రికార్డు తిప్పితే ‘బై బై బ్లాక్‌బర్డ్’. 1926 నాటి పాట, మైల్స్ ఈడుది. ఆ తర్వాత ట్యాడ్ డామరన్ కట్టిన ‘ట్యాడ్స్ డిలైట్’, అన్నిటికన్నా చిన్నది. చివర ‘డియర్ ఓల్డ్ స్టాక్‌హోమ్’. అది స్వీడన్ జానపదం. శాక్సఫోన్ విద్వాంసుడు స్టాన్ గెట్జ్ 1951లో అక్కడే వాయించి జాజ్‌లోకి తెచ్చాడు. మరుసటి ఏడే మైల్స్ ఇంకో చిన్న కంపెనీకి రికార్డు చేశాడు. నాలుగేళ్ల తర్వాత ఇది రెండో ప్రయత్నం. రెండింటినీ పక్కపక్కన పెట్టి వింటే, మధ్యలో ఆ మనిషి ఎంత దూరం నడిచాడో చెవికే తెలుస్తుంది.

ట్రంపెట్ అంటే గట్టిగా మోగుతుంది కదా? ఇందులో గుసగుసలాడినట్టు ఎందుకుంది?

మన చెవులకు ట్రంపెట్ అంటే పెళ్లి ఊరేగింపు. బ్యాండు మేళం వీధి మలుపు తిరగకముందే వినిపించే ఇత్తడి గొంతు. అందుకని ఇది తొలిసారి విన్నప్పుడు ఇది ఆ వాద్యమేనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది.

హార్మన్ మ్యూట్ అని అల్యూమినియంతో చేసిన చిన్న డబ్బా లాంటిది ఒకటుంటుంది. ట్రంపెట్ గంటలోకి దాన్ని దూర్చి బిగిస్తారు. చుట్టూ ఉండే బిరడా గాలిని పక్కల నుంచి పోనివ్వదు, ఊదిన గాలంతా ఆ డబ్బాలోంచే రావాలి. మధ్యలో ఒక సన్నటి గొట్టం ఉంటుంది. మైల్స్ దాన్ని తీసేసేవాడు. అప్పుడు స్వరం పలచబడి, లోహపు అంచుతో, దగ్గరగా వచ్చి చెవిలో చెప్పినట్టు ఉంటుంది. బయట వింటే అది చాలా చిన్న ధ్వని. మైకుకు దాదాపు ఆనించి వాయిస్తేనే పనికొస్తుంది. ఊపిరి తీసుకోవడం, స్వరం అంచు వణకడం కూడా రికార్డులోకి ఎక్కుతాయి. మైకుదే సగం పనితనం అని ఎవరైనా అంటే నేను కాదనను. అది తెలిసి వాడుకోవడం అతని విద్య.

మ్యూట్ తీసేసి వాయించిన చోట్లు కూడా ఉన్నాయి. అక్కడ కూడా అరవడు. కంపనం దాదాపు లేని తిన్నని గొంతు.

టైటిల్ పాటలో అంత ప్రత్యేకత ఏముంది?

మొదటి రెండు నిమిషాలు మైల్స్ మ్యూట్‌తో పాటను నడిపిస్తాడు. వెనక కోల్‌ట్రేన్ తక్కువ స్వరంలో, పాట పక్కన నీడలా వెంట ఉంటాడు. డ్రమ్స్ దాదాపు ఉన్నట్టే ఉండవు. అర్ధరాత్రి వీధిలో ఒక్కడే నడుస్తున్నట్టు. ఇంకా అలాగే సాగుతుందనుకుంటాం.

మూడో నిమిషంలో ఒక్కసారిగా ట్రంపెట్, శాక్సఫోన్ కలిసి తలుపు బద్దలుకొట్టినట్టు దెబ్బలు కొడతాయి, కింద ఫిల్లీ జో విరుచుకుపడతాడు. ఆ వెంటనే కోల్‌ట్రేన్ ఎత్తుకుంటాడు, లయ రెట్టింపవుతుంది. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: రెండో కాలం. తాళం మారలేదు, కింద స్వరసమూహాల వరుస అదే నిదానంతో కదులుతోంది, పైన నడక మాత్రం రెట్టింపయింది. చివర మళ్లీ మొదటి కాలానికి, మొదటి చీకటికి వచ్చేస్తారు.

ఈ కూర్పు గిల్ ఎవాన్స్‌దని సంగీతకారులు చెబుతారు. క్యాపిటల్ రోజుల నుంచి మైల్స్ స్నేహితుడు. ఆరు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ పాట అది. అంత కొద్ది సేపట్లో ఇంత కథ చెప్పిన కూర్పులు జాజ్‌లో చాలా కొద్ది అని నేను గట్టిగా నమ్ముతాను.

పాట పేరు ‘రౌండ్ మిడ్‌నైట్’, ఆల్బమ్ పేరు ‘రౌండ్ అబౌట్ మిడ్‌నైట్’. ఏది సరైనది?

రెండూ. ఆ పాటను అప్పట్లో రెండు పేర్లతోనూ పిలిచేవాళ్లు. 1944లో తొలిసారి రికార్డు చేసింది కూటీ విలియమ్స్ బృందం.

నాకు జాజ్ తెలియదు, కర్ణాటక సంగీతం కొంత తెలుసు. ఎలా వినాలి?

మీరు సగం దారి ముందే వచ్చేశారు. ఈ ఆల్బమ్‌లో చాలా పాటలకు ఆకారం ఇది: మొదట అందరూ కలిసి పాట వినిపిస్తారు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు ఆ పాట పొడవునే ఆవర్తనంగా పెట్టుకుని, తిరిగి తిరిగి మనోధర్మంతో వాయిస్తారు. చివర మళ్లీ పాటకు వస్తారు. కీర్తనలో ఒక పంక్తి దగ్గర ఆగి కల్పనస్వరాలు వేసి, మళ్లీ ఆ పంక్తికే దిగడం మనకు కొత్త కాదు.

తేడా ఎక్కడంటే, మనకు కింద తంబురా శ్రుతి కదలదు. ఇక్కడ కింద నేలే కదులుతూ ఉంటుంది. పియానో, బాస్ కలిసి రెండు మాత్రలకో నాలుగు మాత్రలకో కొత్త స్వరసమూహంలోకి వెళ్తాయి, వాయించేవాడు పడకుండా వాటి మీద నడవాలి. కాబట్టి మొదటిసారి ట్రంపెట్ వినకండి. ‘బై బై బ్లాక్‌బర్డ్’ పెట్టుకుని పాల్ చాంబర్స్ బాస్ ఒక్కదాన్నే మొదటి నుంచి చివరి దాకా చెవితో పట్టుకుని వెళ్లండి. నడిచే మనిషి అడుగుల్లా ఒక్కో మాత్రకు ఒక్కో స్వరం. ఆ అడుగులు పట్టుబడితే పైన ఎవరెంత దూరం ఎగిరినా మీరు తప్పిపోరు. రెండోసారి మైల్స్‌ను వినండి. అతను వాయించిన స్వరాలతో పాటు వాయించకుండా వదిలిన చోట్లు కూడా లెక్కపెట్టండి.

పాటలను ఏ వరుసలో వినాలి?

మొదటిసారి రికార్డులో ఉన్న వరుసలోనే. అది బాగా ఆలోచించి పేర్చిన వరుస.

రెండోసారి మాత్రం నా మాట విని, పుట్టిన వరుసలో వినండి. ముందు ‘ఆ-లూ-చా’. 1955 అక్టోబర్, కొత్తగా కలిసిన అయిదుగురు, ఇంకా ఒకరినొకరు చూసుకుంటూ వాయిస్తున్నారు, వేగం మీద ఆధారపడుతున్నారు. తర్వాత ‘డియర్ ఓల్డ్ స్టాక్‌హోమ్’, ‘బై బై బ్లాక్‌బర్డ్’, ‘ట్యాడ్స్ డిలైట్’. 1956 జూన్, ఎనిమిది నెలలు క్లబ్బుల్లో, ఊళ్లలో రాత్రుళ్లు కలిసి వాయించిన బృందం. గార్లండ్ ఒక మాట మొదలుపెడితే ఫిల్లీ జో పూర్తి చేస్తాడు. చివర ‘ఆల్ ఆఫ్ యూ’, ‘రౌండ్ మిడ్‌నైట్’. 1956 సెప్టెంబర్, ఇంక ఎవరూ ఎవరినీ చూడనక్కర్లేదు.

ఆల్బమ్‌లో ఆఖరున పుట్టిన పాట ముందుంది, ముందు పుట్టిన పాట దాని వెంటే ఉంది. అందుకే ఈ పెరుగుదల మామూలుగా వింటే తెలియదు. ఒప్పందం వల్ల రికార్డు ఏడాదిన్నర ఆగాల్సి వచ్చింది, ఆ ఆగడమే దీనికి మేలు చేసింది. 1955 అక్టోబర్‌లో తీసిన పాటలతోనే ఆల్బమ్ వచ్చేసి ఉంటే, మంచి వేగమున్న ఇంకో రికార్డు వచ్చేది. మనకు ‘రౌండ్ మిడ్‌నైట్’ దక్కేది కాదు.

ఈ రికార్డులో కోల్‌ట్రేన్ తడబడతాడంటారు. నిజమేనా?

అప్పట్లో కొందరు విమర్శకులకు అలాగే వినిపించాడు. గొంతు కరకు, మాటలు ఎక్కువ, వాక్యం మధ్యలో వెతుక్కుంటున్నట్టు ఉంటాడని. వెతుక్కుంటున్న మాట నిజమే. కానీ ఆ వెతుకులాటే నాకు ఇందులో ప్రాణం. మైల్స్ మూడు స్వరాలతో చెప్పిన దాన్ని కోల్‌ట్రేన్ ముప్పయ్యింటితో తవ్వుతాడు. ఒకరు మితభాషి, ఇంకొకరికి చెప్పాల్సింది చెప్పేదాకా ఊపిరాడదు. ఇద్దరినీ పక్కన నిలబెట్టిన మైల్స్‌కు ఆ తేడానే కావాలి.

ఆల్బమ్ దుకాణాల్లోకి వచ్చిన కొద్ది వారాలకే, 1957 వసంతంలో, హెరాయిన్ మూలంగా మైల్స్ అతన్ని బృందం నుంచి పంపేశాడు. కోల్‌ట్రేన్ ఆ ఏడే అలవాటు మానుకుని, ఫైవ్ స్పాట్ క్లబ్బులో మంక్‌తో నెలల తరబడి వాయించి, 1958లో వేరే మనిషిగా మైల్స్ దగ్గరికి తిరిగొచ్చాడు.

ప్రెస్టీజ్ రికార్డులు దీనికన్నా బాగుంటాయంటారు. మీరేమంటారు?

బాకీ తీర్చిన ఆ రెండు రోజుల పాటల్లోంచి ప్రెస్టీజ్ ‘కుకిన్’, ‘రిలాక్సిన్’, ‘వర్కిన్’, ‘స్టీమిన్’ అని నాలుగు ఆల్బమ్‌లు చేసి, ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా వదిలింది. అవి క్లబ్బులో కూర్చుని విన్నట్టుంటాయి. ఒక్కసారి వాయించారు, అదే ఉంచారు. మధ్యలో మైల్స్ బొంగురు గొంతుతో మాట్లాడటం కూడా వినిపిస్తుంది. వాటిని నేను తక్కువ చెయ్యను. ఆదివారం మధ్యాహ్నం నేను పెట్టుకునేది ‘రిలాక్సినే’.

కానీ పోల్చి చూడ్డానికి ఒక పాట దొరికింది. 1956 అక్టోబర్ 26న ప్రెస్టీజ్ కోసం కూడా వీళ్లు ‘రౌండ్ మిడ్‌నైట్’ వాయించారు. కొలంబియాలో చేసి ఏడు వారాలు కాలేదు. మనుషులు వాళ్లే, పాట అదే. అయినా కొలంబియా రికార్డులో చర్చి కప్పు కింద ఆ చీకటికి ఉన్న లోతు ఇందులో నాకు వినిపించదు. గది కూడా వాయిస్తుందని ఈ రెండూ పక్కన పెట్టి వింటే ఒప్పుకుంటారు.

అట్ట మీద బొమ్మ గురించి చెప్పండి.

ఎర్రటి రంగులో ముంచినట్టున్న ఫోటో. నల్ల కళ్లద్దాలు, వంచిన తల, ఒడిలో ట్రంపెట్. నవ్వు లేదు. నల్లజాతి కళాకారుడంటే అట్ట మీద పళ్లికిలించాలని ఎదురుచూసే రోజుల్లో, తనలో తాను వింటూ కూర్చున్న మనిషిని కొలంబియా అట్ట మీద వేసింది. మరుసటి ఆల్బమ్ ‘మైల్స్ అహెడ్’ మొదటి అట్ట మీద మాత్రం పడవలో కూర్చున్న తెల్ల అమ్మాయిని వేశారు. మైల్స్ అభ్యంతరం చెప్పాడు, తర్వాతి ముద్రణల్లో ఆ అట్ట మారింది. ఈ రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ రోజులు ఎలాంటివో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

స్టీరియోలో దొరుకుతుందా?

అసలుది మోనో, అంటే ధ్వనంతా ఒకే దారిలో వచ్చేది. ‘స్టీరియో’ అని అచ్చేసిన పాత కాపీలు మోనో టేపును రెండుగా విడదీసి చేసినవి. మోనోనే వినండి.

ఏ ఎడిషన్ కొనాలి?

2001 సీడీలో ఆ రోజుల్లోనే తీసిన ఇంకో నాలుగు పాటలు చేర్చారు. 2005లో రెండు డిస్కులతో వచ్చిన లెగసీ ఎడిషన్‌లో వాటితో పాటు 1955 న్యూపోర్ట్‌లో వాయించిన ‘రౌండ్ మిడ్‌నైట్’, 1956 ఫిబ్రవరిలో పాసడీనాలో చేసిన కచేరీ ఉన్నాయి. ఒక్కటే కొనాలంటే ఈ రెండోది తీసుకోండి. న్యూపోర్ట్ ముక్క ధ్వని అంత శుభ్రంగా ఉండదు, కానీ అన్నీ మొదలైన క్షణం అది. ఖర్చు పెట్టలేకపోతే బాధలేదు, స్ట్రీమింగ్‌లో అసలు ఆరు పాటలు విడిగా దొరుకుతాయి. ఆరో పాట అయ్యాక కాసేపు ఆపి, అప్పుడు అదనపు పాటలకు వెళ్లండి.

తర్వాత కొలంబియాతో ఎంతకాలం ఉన్నాడు? మనవైపు ఏమైనా సంబంధం ఉందా?

దాదాపు ముప్పై ఏళ్లు. 1980ల నడిమి దాకా అక్కడే ఉండి, ఆ తర్వాత వార్నర్ కంపెనీకి మారాడు. ఆ ముప్పై ఏళ్లలో జాజ్‌ను ఒకటికి నాలుగుసార్లు తిరగరాశాడు.

మనవైపు సంబంధం చుట్టూ తిరిగి వస్తుంది గానీ, గట్టిదే. 1969 ఫిబ్రవరి 18న కొలంబియా కోసం మైల్స్ ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రికార్డు చేశాడు. ఇంగ్లండ్ నుంచి అప్పుడే దిగిన జాన్ మెక్‌లాఫ్లిన్ అనే గిటారిస్టును ఆ రోజు పిలిపించాడు. ఆ మెక్‌లాఫ్లిన్ తర్వాత కర్ణాటక, హిందుస్తానీ విద్వాంసులతో కలిసి ‘శక్తి’ బృందాన్ని కట్టాడు. అది చాలా ఏళ్ల తర్వాత ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ లేచినప్పుడు అందులో మాండలిన్ వాయించింది మన పాలకొల్లు ఉప్పలపు శ్రీనివాస్. ‘ఇన్ ఎ సైలెంట్ వే’ రికార్డింగు జరిగిన పది రోజులకు, 1969 ఫిబ్రవరి 28న, పాలకొల్లులో పుట్టాడు.